జగ్గయ్యపేట ఫోటోలు

ఆ పెద్దాయన మళ్ళీ కనిపించాడు.

మనవరాలు యశస్వి బూట్ల లేసులు కడుతూ తలెత్తిన కుటుంబరావు మాస్టారికి వీధి అవతల అతను కనబడ్డాడు. మెళ్ళో కెమెరా, భుజాన గుడ్డసంచీ, నెరిసిన గడ్డం.

వరసగా ఇది మూడో శనివారం.

మొదటిసారి జగ్గయ్యపేట బస్టాండులో చూశాడు. ఎండకి సోలిపోయిన భార్యకి ఒక ముసలాయన సోడా తాగిస్తుంటే ఇతను ఫోటో తీశాడు. రెండోసారి పెనుగంచిప్రోలు ఆటోలు ఆగే చోట. సిమెంటు లారీ డ్రైవరు టైరు పక్కన కూర్చుని కూతురికి ఇడ్లీ తినిపిస్తుంటే తీశాడు.

ఎవర్నీ అడగడు. తీస్తాడు, తల దించుకుని వెళ్ళిపోతాడు.

ఊళ్ళో పెళ్ళా, పండగా? ఇవన్నీ ఎవరికి? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చిందని కూతురు రాగసుధ రెండు రోజులుగా పోరుతోంది.

ఇప్పుడు ఆ కెమెరా సరిగ్గా యశస్వి వైపే ఉంది.

మాస్టారు పిల్లని స్కూలు ఆటో ఎక్కించి, రోడ్డు దాటి, అతని మెళ్ళోని కెమెరా పట్టీ పట్టుకుని గుంజాడు.

"ఎవరు నువ్వు? ఏ ఊరు?"

"నందిగామండి."

"మా పిల్ల ఫోటో నీకెందుకు?"

పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగాడు. మాస్టారి మొహంలోకి అదోలా చూశాడు. ఆ చూపుతో మాస్టారి అనుమానం రెండింతలైంది.

"ఇంట్లో చూపించాలండి."

"ఎవరికి?"

పెద్దాయన కెమెరాని రెండు చేతులా దగ్గరికి పొదువుకున్నాడు.

ఆటోవాళ్ళు చుట్టూ మూగారు. వాళ్ళలో బసవయ్య చొక్కా చేతులు మడిచాడు. కొట్టొద్దని మాస్టారే ఆపాడు. కెమెరాలో ఉన్నవన్నీ తన కళ్ళ ముందే చెరిపెయ్యాలన్నాడు. పెద్దాయన సంచీ పక్కనున్న ఆటోలో పెట్టి, ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. చివరిది వచ్చేసరికి అతని వేలు ఆగిపోయింది.

అందులో మాస్టారు వంగి బూట్ల లేసులు కడుతున్నాడు. పడిపోకుండా యశస్వి ఆయన బట్టతల మీద చెయ్యి ఆనించింది. ఇద్దరూ దేనికో నవ్వుతున్నారు.

"ఇదొక్కటి ఉంచనివ్వండి. మీకు దణ్ణం పెడతా."

తనని అలా ఎవరూ ఎప్పుడూ ఫోటో తియ్యలేదు. మాస్టారు ఒక్క క్షణం తటపటాయించాడు.

"తీసెయ్," అన్నాడు.

తీసేశాడు. బస్టాండు వైపు నడిచిపోయాడు.

సంచీ ఆటోలోనే ఉండిపోయిందని సాయంత్రం బసవయ్య తెచ్చిచ్చాడు. అందులో ఒక మంచినీళ్ళ సీసా, నందిగామ ఫోటో స్టూడియో పేరున్న కవరు, కవర్లో డజను ఫోటోలు. సోడా ముసలాయనా ఉన్నాడు, లారీ డ్రైవరూ ఉన్నాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా మాస్టారికి మనసు కుదుటపడలేదు. మంచివాడైతే సంచీ కోసం రాడా?

వారం గడిచినా రాలేదు.

ఇక ఉండబట్టలేక, సంగతేమిటో తేల్చుకుందామని శనివారం పొద్దున్నే నందిగామ బస్సెక్కాడు. కవరు చూడగానే స్టూడియో అతను గుర్తుపట్టి, వెనక సందులో ఇల్లు చూపించాడు.

ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి జయమణి మంచం మీద వడియాలు పెడుతూ ఎవరు కావాలని అడిగింది. మాస్టారు సంచీ చూపించాడు.

"ఆయన వేదాద్రి వెళ్ళాడండి, కృష్ణలో అస్థికలు కలపటానికి. ఆయన భార్య మొన్న మంగళవారం పోయింది."

మాస్టారు సంచీ కింద పెట్టాడు. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, కూర్చోమని కుర్చీ వేసింది. అడక్కుండానే చెప్పుకొచ్చింది.

ఆ ఇల్లాలు రెండేళ్ళుగా మంచంలోనే ఉందట. ఆవిడ పుట్టింది, పెరిగింది పేటలోనే. పోయేలోగా ఒక్కసారి ఊరు చూడాలని కలవరించేది. కదిలే ఓపిక లేదు. ఓపికున్నా ఆ ఊళ్ళో తన మొహం చూసేవాళ్ళు లేరనేది. అందుకని ఆయన వారం వారం పేట వెళ్ళి ఫోటోలు తెచ్చేవాడు. గుళ్ళూ బజార్లూ వద్దందట, ఒకరికొకరు ప్రేమగా ఉన్న మనుషుల్ని చూపించమందట. ఫోటో ముక్కు దగ్గర పెట్టుకుని, వీడు ఫలానావాళ్ళ మనవడై ఉంటాడు, ముక్కు చూడు, అని పోల్చుకుని మురిసిపోయేదట. చూడటం అయ్యాక, ఎవరి ఫోటోలు వాళ్ళకి ఇచ్చి రమ్మని పంపేదట.

"పోయిన శనివారం మాత్రం ఒట్టి చేతుల్తో వచ్చాడండి. కెమెరా పాడైందని చెప్పాడు ఆవిడతో. పొద్దుగూకేదాకా పక్కన కూర్చుని, చూసిందంతా నోటితోనే చెప్పాడు. మావాడు కనబడ్డాడా అనడిగింది. తమ్ముడున్నాడంటలెండి అక్కడ. కనబడ్డాడు, బాగున్నాడు, మనవరాలితో నవ్వుతున్నాడు అన్నాడు. అంతే, ఆవిడ కళ్ళు మూసుకుని చాలాసేపు అట్టాగే నవ్వుతా ఉండిపోయింది."

మాస్టారు కుర్చీలోంచి లేచాడు.

"ఆవిడ పేరేంటమ్మా?"

"బాలాత్రిపురసుందరి గారండి."

నలభై ఏళ్ళ కిందట, కులం కానివాణ్ణి కట్టుకుందని అక్క మొహం మీద తలుపు వేసి, వాడి మొహమైనా చూడనన్న మాట మీదే ఇన్నాళ్ళూ నిలబడ్డాడు కుటుంబరావు. అందుకే నడివీధిలో పట్టుకుని నిలదీసినా, ఎదురుగా ఉన్నది తన బావ అని తెలియలేదు.