ముందుకు జరిగిన సీటు

"లారీ నడిపింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు డ్రైవరు.

ఇన్సూరెన్సు ఆఫీసరు అతణ్ణి ఎగాదిగా చూశాడు. చూడటానికి కాస్త సమయం పట్టింది. మనిషి అంత పొడుగు. తోటి డ్రైవర్లు నిచ్చెన అని పిలిచేది అందుకే.

"లైసెన్సు?"

"గడువు దాటిపోయింది సార్. రేపు చేయిద్దాం, ఎల్లుండి చేయిద్దాం అనుకుంటూ అశ్రద్ధ చేశాను. తప్పు నాదే. రాసుకోండి."

ఆఫీసరుకి అక్కడే అనుమానం వచ్చింది. అడగ్గానే తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఆయన తన ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. అసలే ఆయన, కాఫీలో పంచదార వేశానని భార్య చెప్పినా చెంచాతో అడుగు కలిపి చూస్తేగానీ నమ్మని మనిషి.

దెబ్బతిన్న బళ్ళు ఉంచే యార్డు అది. అద్దం పగిలి, ముందుభాగం నొక్కుకుపోయిన లారీ పక్కన, పొద్దున కేబిన్లోంచి దించుకున్న దుప్పట్ల మూట మీద నిచ్చెన భార్య కూర్చుని ఉంది. నిలబడితే భర్త భుజం దాకా కూడా రాదు. బొటనవేలికి గుడ్డపీలిక కట్టుకుంది. లారీ ఆ ఇద్దరిదే. వాళ్ళకున్న ఆస్తీ అదే, బతుకుతెరువూ అదే.

మొన్న వానలో ఆ లారీ జారి, సైకిళ్ళ షాపు గోడను కూల్చేసింది. రెండు కాళ్ళూ విరిగి షాపతను ఆసుపత్రిలో ఉన్నాడు. జనం పోగయ్యేసరికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇటుకల కిందనుంచి అతణ్ణి లాగుతున్నారు. లారీ ఎవరు నడిపారో చూసినవాళ్ళు లేరు.

ఇప్పుడు అతని వైద్యం ఎవరి నెత్తిన పడాలన్నదే ప్రశ్న. గడువు దాటిన లైసెన్సు అంటే కోర్టు సగం భారం కంపెనీ మీద, సగం లారీ వాళ్ళ మీద వేస్తుంది. ఆ సగానికే వీళ్ళు లారీ అమ్ముకోవాలి. అసలు లైసెన్సే లేని మనిషి నడిపి ఉంటే మాత్రం, కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. ఆఫీసరు వచ్చింది అలాంటిదేదో దొరక్కపోతుందా అనే.

కేబిన్ తలుపు తెరిచి చూసిన ఆఫీసరు మొహం వెలిగిపోయింది. సీటు బాగా ముందుకు జరిగి ఉంది. పక్క అద్దం కిందికి వంగి ఉంది.

"ఎక్కి కూర్చో," అన్నాడు.

నిచ్చెన ఎక్కాడు. మోకాళ్ళు స్టీరింగు కింద ఇరుక్కుపోయాయి. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నానా తంటాలూ పడ్డాడు.

"ఈ సీట్లో కూర్చునే లారీ నడిపావా? నా చెవిలో పువ్వు పెడదామనా?"

"నేనే నడిపాను సార్. ఒట్టు."

"దిగు, దిగు. అమ్మా, నువ్వోసారి ఎక్కు."

"మధ్యలో దాన్నెందుకు సార్..."

"నువ్వు నోర్ముయ్!"

ఆమె తడబడుతూ ఎక్కి కూర్చుంది. కొలతలిచ్చి చేయించుకున్నట్టు సరిపోయింది సీటు. కాలు బ్రేకుకి అందింది. అద్దంలోకి చూపూ సరిగ్గా అందింది.

"వేలికి ఆ దెబ్బ ఏంటమ్మా?"

ఆమె చటుక్కున చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఆయన్ని ఏమీ అనకండి సార్. నేనే నడిపాను."

"కాదు సార్! దాని మాట నమ్మకండి. నడిపింది నేనే!" నిచ్చెన గొంతు చించుకున్నాడు.

ఆఫీసరు అప్పటికే ఫోన్ తీశాడు. "ఆ మాటే ఇందులో ఇంకోసారి చెప్పు తల్లీ."

ఆమె ఏడుస్తూనే చెప్పింది. ఆయన దాన్ని అక్కడికక్కడే ఆఫీసుకి పంపించి, ఫోన్ జేబులో వేసుకున్నాడు.

"ఇంక మాట మార్చడానికి వీల్లేదు. లైసెన్సు లేని మనిషి లారీ నడిపింది. కంపెనీకి ఏ బాధ్యతా లేదు."

"నాకు లైసెన్సు లేదని ఎవరన్నారు సార్?"

ఆమె కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి ఒక కార్డు తీసి ఇచ్చింది. లారీలు నడిపే లైసెన్సే. ఫొటో ఆమెదే. గడువు ఇంకా బోలెడుంది. ఆఫీసరు దాన్ని తిప్పి చూశాడు, గోటితో గీకాడు, ఫోన్లో నంబరు కొట్టి సరిచూశాడు. అసలుదే.

"మరి ముందే చెప్పి చావలేదేం?"

"ఆడది నడిపి గోడ గుద్దిందంటే రేపట్నుంచి మాకు లోడు ఎవరిస్తారు సార్?"

ఆఫీసరు ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు. ఇక వైద్యం మొత్తం కంపెనీదే. దాన్ని నిరూపించి మరీ ఆఫీసుకి పంపింది తనే. లైసెన్సు ఆమె చేతిలో పడేసి, గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆయన బండి మలుపు తిరిగాక ఆమె మూట మీద కూలబడింది.

"పోనీలే, ఆ షాపతను మళ్ళీ నడుస్తాడు," అంటూ కట్టు విప్పి వేలు ఊదుకుంది. "సీటు ఎంత బిగుసుకుపోయిందయ్యా! పొద్దున ముందుకు లాగేసరికి వేలు చితికిపోయింది. ఆ పైన ఇన్ని అబద్ధాలు!"

నిచ్చెన చొక్కా గుండీలు విప్పి, రొమ్ము మీద స్టీరింగు గుద్దుకుని కమిలిన చోట నిమురుకున్నాడు.

"ఆ పాపంలో నాకు భాగం లేదే. నేను మొదట్నుంచీ నిజమే చెప్పాను."