మోతీ పథ్యం

కాటా మీదికి మోతీ ఎక్కలేదు, ఎక్కించారు. వాసుదేవ్ ముందు కాళ్లు పట్టుకుంటే పనిమనిషి విశ్వాసమ్మ వెనక నుంచి ఎత్తింది. వాసుదేవ్ అంగడి నుంచి తెప్పించిన, శనగల మూటలు తూచే ఆ ఇనుప పలక మీద మోతీ కూడా మూటలాగే కూలబడి, నాలుక బయటపెట్టి రొప్పసాగింది.

“నలభై కిలోల మూడొందల గ్రాములు,” అన్నాడు వాసుదేవ్, పెళ్లాం మొహం చూడకుండా.

శ్రీవాసవి నడుం మీద చెయ్యి వేసుకుంది. “పోయిన నెల ముప్పై తొమ్మిది. నెలంతా పథ్యం చేసి కిలోకు పైన పెరిగింది. సొరకాయ ముక్కలు తిని లావయిన కుక్క కమలాపురం మొత్తానికి ఇదొక్కటే ఉండాల.”

ఇట్లాగే పెరిగితే కీళ్లు పోతాయని, గుండె మీద పడుతుందని, ఇంకో ఏడాది బతకడం కూడా కష్టమేనని కడప డాక్టరు తేల్చి చెప్పాడు. అన్నం బంద్, నెయ్యి బంద్, చిరుతిండి అసలే బంద్. పూటకు ఒక గ్లాసు దాణా, ఉడకబెట్టిన సొరకాయ, బీన్సు. శ్రీవాసవి స్వయంగా కొలిచి పెడుతోంది. ఆ ఇంట్లో ఇంకొకరిని నమ్మి గ్లాసు చేతికిచ్చే అలవాటు ఆమెకు లేదు.

“ఎవరో పెడతాండారు,” అంది. “విశ్వాసమ్మా, మిగిలిన అన్నం యాడ పోస్తాండావు?”

“దేవుని తోడమ్మా, నేను మెతుకు కూడా పెట్టల్యా. నా కొంగు పట్టుకొని గుంజినా పెట్టల్యా.”

“దేవుని తోడు అనేవాళ్లనే ముందు అనుమానించాల.”

విశ్వాసమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. శ్రీవాసవికి అవి నేరం ఒప్పుకున్నట్టే కనిపించాయి.

గడప దగ్గర కూచుని అనపకాయల గింజలు ఒలుస్తున్న అత్తగారు పుల్లమ్మ తలెత్తింది. “శానా పెద్ద మాటలు ఎందుకమ్మా, కుక్క కోసరం?”

“అత్తా, మీరు ఒంటిమిట్ట నుంచి తెచ్చిన లడ్లు మూడు దినాల్లో అయిపోయినాయి. మీకు షుగరు. మరి ఎవరు తిన్నట్టు?”

“ఇరుగుపొరుగుకు పంచితిని.”

“ఇరుగుపొరుగులో మోతీ కూడా ఉండాదా?”

వాసుదేవ్ ఏదో చెప్పబోయాడు.

“మీరు మాట్లాడొద్దు. పెరుగన్నంలో ఆఖరి ముద్ద దానికి వెయ్యకుండా ఏ పూట చెయ్యి కడిగినారు?”

“ఇప్పుడు కడుగుతాండా కదా,” అన్నాడతను, కాటాను చూస్తూ.

శ్రీవాసవి తీర్పు అక్కడికక్కడే చెప్పింది. అంగట్లో ఊరికే పడి ఉన్న కెమెరా తెచ్చి వరండాలో బిగించాలి. దొరికేది విశ్వాసమ్మ అయితే మరునాటి నుంచి పనికి రానక్కర్లేదు. అత్త అయితే రాయచోటిలో ఆడబిడ్డ ఇంటికి బస్సెక్కొచ్చు.

“నేనైతే?” అడిగాడు వాసుదేవ్.

“ఏడాదంతా మీకూ సొరకాయే.”

ఆదివారం మధ్యాహ్నం అందరినీ టీవీ ముందు కూచోబెట్టింది. వాసుదేవ్ కెమెరాలో ఎక్కిన వారం రోజుల బొమ్మను గబగబా తిప్పుతున్నాడు. తెర మీద పుల్లమ్మ హారతి పళ్లెంతో వచ్చింది. మోతీ ఆశగా లేచింది. పుల్లమ్మ చెంగు విదిలించుకుని వెళ్లిపోయింది.

“కెమెరా ఉండాదని తెలిసి వేషాలు,” అంది శ్రీవాసవి.

విశ్వాసమ్మ వరండా ఊడ్చింది. మోతీ వెంటబడితే చీపురు అడ్డం పెట్టింది.

“ఇదీ అంతే. నాటకాల్లో చేరితే పేరొచ్చేది.”

వాసుదేవ్ చేతులు వెనక్కి కట్టుకుని, కుక్క వంక కన్నెత్తకుండా అంగడికి బయల్దేరాడు. ఆ తరువాత కాసేపు వరండా ఖాళీ. ఉన్నట్టుండి మోతీ తోక ఆడించింది. స్తంభం చాటు నుంచి ఒక అరచెయ్యి ముందుకొచ్చింది. దానిలో బెల్లం బొరుగుల ఉండ. మోతీ ఒక్క గుటకలో మింగేసింది. చెయ్యి వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. ఇంకో ఉండ. మళ్లీ ఇంకోటి.

“ఆపండి!” శ్రీవాసవి గంతేసినట్టు లేచింది. “చూసినారా? బుధవారం, పదకొండు పది. మీరు అంగట్లో ఉండారు. ఇంక మిగిలింది ఈ ఇద్దరే.”

పుల్లమ్మ, విశ్వాసమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఎట్లా చూసుకుంటాండారో చూడండి! మూగజీవిని చంపేదానికి బెల్లం కావాల్సి వచ్చిందా? దీన్ని ప్రేమంటారా? సిగ్గులేనితనం అంటారు. ఆ చెయ్యి చాపినోళ్లకు బుర్రలో గుజ్జు కూడా ఉన్నట్టు లేదు. ఎవరిదో ఒప్పుకోండి, మర్యాదగా పోతాది.”

“నాది కాదు,” అంది పుల్లమ్మ.

“నాదీ కాదమ్మా,” అంది విశ్వాసమ్మ.

“మొహం కనపడల్యా కదా,” నసిగాడు వాసుదేవ్. “ఊరికే అనుమానంతో ఇంట్లోంచి పంపిస్తే బాగుండదు.”

“మొహం ఎందుకు? దీంట్లో మాటలు కూడా ఎక్కుతాయి అంటిరి కదా. సౌండు పెంచండి. గొంతు వింటే చాలు, ఈ పొద్దే బయటికి పంపిస్తా.”

వాసుదేవ్ సౌండు పూర్తిగా పెంచాడు. స్తంభం చాటు నుంచి ఇంకో ఉండ మోతీ నోటికి అందింది. దాని వెంటే ఇల్లంతా మోగేలా గొంతు వినిపించింది:

“అదే వదినా, ఈ ఇంట్లో ఒక్కరికీ బుద్ధి లేదు, దొంగచాటుగా పెడతానే ఉండారు... ఇంద మోతీ, తిను... హలో, హలో, వినపడతాండాదా వదినా? నేనే, శ్రీవాసవిని!”