మిగిలిన ఒక్క ఇల్లు

పెద్ద వరద వచ్చి వెళ్ళిన ఆరో ఏడు అది. ఊళ్ళో సగం మేడల మీద కేబుల్ వైర్లు తెగి వేలాడుతున్నాయి. కట్టేవాడూ లేడు, కట్టమని అడిగేవాడూ లేడు. ఇంటింటికీ నెట్టు వచ్చేసింది. ఎవరికి కావలసిన బొమ్మ వాళ్ళు, కావలసినప్పుడు వేసుకుని చూస్తున్నారు.

ఆ నెట్టు కంపెనీ ఫోన్ల గదిలో పద్దెనిమిది కుర్చీలు. పదిహేడింటిలో పాతికేళ్ళు దాటని పిల్లలు. కిటికీ పక్క కుర్చీలో అతను. యాభై ఎనిమిదేళ్ళు. పిల్లలు కంప్యూటర్లో చూసి గడగడా చదివే మాటల్ని అతను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించుకున్నాడు. కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుని చదువుతాడు. అందుకని 'కాగితం బాబాయ్' అని పేరు పెట్టారు.

మొదటి వారం నాలుక తిరగలేదు.

"నవ్వుతూ మాట్లాడు బాబాయ్. నవ్వు ఫోన్లో వినబడుతుంది" అని సూపర్‌వైజరు పిల్ల వెనకే నిలబడి నేర్పింది. నేర్చుకున్నాడు. గొంతు పైకెత్తి, మాట మాటకీ 'అమ్మా' కలిపి, నవ్వుతూ. ఒక్కోసారి ఆ గొంతు తనది కాదేమో అనిపించేది.

ఆ రోజుతో పరీక్ష నెల అయిపోతుంది. నలభై ఇళ్ళ చేత 'సరే' అనిపించాలి. ముప్ఫై తొమ్మిది అయ్యాయి.

"ఇంకొక్కటి బాబాయ్" అంది సూపర్‌వైజరు పిల్ల. "పడిందా, కుర్చీ నీది. పడలేదా, రేపట్నుంచి రావద్దంటారు పైవాళ్ళు. నేను కాళ్ళావేళ్ళా పడినా వినరు."

"తెలుసమ్మా."

యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇంకెక్కడా కుర్చీ వెయ్యరనీ తెలుసు.

"నీ లిస్టులో ఒక్క నంబరే మిగిలింది. నెల నుంచీ దాన్ని దాటేసి పోతున్నావు. ఏం, కరుస్తుందా?"

అతను నవ్వాడు. ఫోన్లో నవ్వే నవ్వు. నంబరు నొక్కాడు.

అవతల కుట్టుమిషను చప్పుడు. ఆగింది.

"ఎవరు?"

అతను కాగితం చదివాడు. చిన్న డబ్బా ఒకటి పెడతారు. అన్ని చానళ్ళూ, అన్ని సినిమాలూ అందులోనే.

"వద్దు బాబూ. మాకు కేబుల్ ఉంది."

"వాన పడితే బొమ్మ పోతుంది కదమ్మా?"

"పోతే మా కేబులాయన వచ్చి బాగు చేస్తాడు. వరదప్పుడు మా ఇంటాయన మంచాన ఉన్నాడు. ఆ మనిషికి లోకమంటే టీవీయే. కేబులాయన నడుంలోతు నీళ్ళలో వచ్చి, మేడెక్కి వైరు కట్టి పోయాడు. మంచినీళ్ళిస్తానన్నా ఆగలేదు. మా ఇంటాయన పోయి మూడేళ్ళు. నేనసలు టీవీ చూడను. బట్టలు కుట్టే కళ్ళకి తీరికెక్కడిది?"

"చూడనిదానికి ఎందుకమ్మా మరి?"

"మా వీధంతా తీయించేశారు. ఆయనకి నా ఇల్లొక్కటే మిగిలిందట. నేనూ వద్దంటే ఆ మనిషి ఏమైపోతాడు?"

"వేరే పని చూసుకుంటాడు."

"ఆ వయసులో ఎవడిస్తాడు పని? పైగా నోట్లో నాలుక లేని మనిషి. ఇన్నేళ్ళలో రెండు మాటలు కలిపి మాట్లాడగా వినలేదు. నీకేం బాబూ, మాటలమ్ముకుని బతికేస్తావు."

సూపర్‌వైజరు పిల్ల గోడ గడియారం చూపించింది. ఐదుకి పది నిమిషాలు.

అతను కాగితాన్ని బోర్లా పెట్టాడు.

"ఒక మాట చెప్తాను, కోప్పడకండమ్మా. మీ ఒక్క ఇంటి కోసం ఆయన గదినిండా కేబుల్ మిషన్లు తిప్పుకుంటూ కూర్చున్నాడు. మీరున్నారని మూసుకోలేడు. మీరొక్కరే ఉన్నారని బతకలేడు. మీరు దాన్ని జాలి అనుకుంటున్నారు. అది ఆయన కాలికి కట్టిన బండ."

అవతల కుట్టుమిషను ఒక్క చుట్టు తిరిగి ఆగింది.

"ఆయన నీతో అన్నాడా?"

"ఆయన ఎవరితో అంటాడమ్మా?"

"అదీ నిజమే" అందావిడ. గొంతు చిన్నదైపోయింది. "సరే, రాసుకో. కానీ ఆయనకి నా నోటితో చెప్పించకు. నావల్ల కాదు."

"మేం చెప్తాంలెండి. పాత వైరు రేపు పొద్దున్న ఆయనే వచ్చి విప్పుకుపోతాడు."

"మెల్లగా చెప్పు బాబూ. తట్టుకోలేడు."

"మెల్లగానే చెప్తానమ్మా."

ఫోన్ పెట్టేసేసరికి గదంతా చప్పట్లు. సూపర్‌వైజరు పిల్ల చిన్న కేక వేసింది.

"ఏం మంత్రం వేశావు బాబాయ్! అవేవీ కాగితంలో లేవే! ఎక్కడ నేర్చావు?"

"నోటికొచ్చాయమ్మా."

"ఇక కుర్చీ నీదే. ఇటు తిరుగు, ఫొటో తీసి పైవాళ్ళకి పంపిస్తా. నవ్వు."

అతను ప్రయత్నించాడు. రాలేదు. నవ్వకుండానే తీసింది.

మర్నాడు పొద్దున్న, డ్యూటీకి వెళ్ళే ముందు, అతను నిచ్చెన భుజాన వేసుకుని ఆ కుట్టుమిషను ఆవిడ మేడెక్కి, వరద నీళ్ళలో వచ్చి తాను కట్టిన వైరును తన చేత్తోనే కోసి, చుట్ట చుట్టుకుని దిగుతుంటే, "నామీద కోపం పెట్టుకోకు అన్నా" అంటూ గుమ్మంలో కళ్ళు తుడుచుకుంటున్న ఆవిడకి, గొంతు ఎక్కడ గుర్తుపడుతుందోనని ఎప్పటిలాగే తలొక్కటి ఊపి వెళ్ళిపోయాడు.