చెంప ఎత్తు

“ఇంకో రెండు వేళ్ల మందం పైకి పాకించక్కా. గీత అందాల.”

ధనలక్ష్మి కుడిచేతి వేళ్లు గోడ మీద పీతలా పాకి, నుదురు ఎత్తు దాకా వచ్చి ఆగిపోయాయి. ముఖమంతా చెమట. కావలిలోని ఆ చిన్న ఫిజియోథెరపీ గదిలో, గోడ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసిన గీత ఒకటుంది. అది టైటస్ గారి చెంప ఎత్తు.

టైటస్ అంటే విడవలూరు దగ్గర రొయ్యలు వలిచే షెడ్డుకు సూపర్‌వైజరు. మూడు నెలల కిందట ఆయన ఉంగరం కనబడలేదు. అప్పుడు దగ్గరలో ఉన్నది ధనలక్ష్మి, పైగా నోరు లేని మనిషి. మెత్తనివాళ్లను చూస్తే ఎవరికైనా మొత్తబుద్ధే కదా! నలభై మంది ఆడవాళ్ల ముందు ఆమె కుడిచెయ్యి పైకెత్తించి, “దొంగచెయ్యి ఇట్టుంటాది, చూడండి” అని సాయంత్రం దాకా దించనివ్వలేదు. మర్నాడు ఉంగరం ఆయన కారు సీటు కిందే దొరికింది. తప్పయిందన్న ఒక్క మాట మాత్రం ఆయన నోట రాలేదు.

ఆనాడు దించిన చెయ్యి మళ్లీ నడుము దాటి లేవలేదు. నెల్లూరులో ఎక్స్‌రే ఫొటోలు తీసి, ఎముక బాగుంది, నరం బాగుంది అన్నారు. ఊళ్లోవాళ్లయితే నాటకమన్నారు. నమ్మింది ఈ ఫిజియోథెరపీ డాక్టరమ్మ అబిగయీలు ఒక్కతే.

“నాటకం కాదక్కా. మనసుకు తగిలిన దెబ్బ ఒంట్లో ఏదో ఒకచోట దాక్కుంటాది. నీకు భుజంలో కూర్చున్నది. కదిలిస్తేనే పోతాది,” అంది మొదటిరోజే. “చెయ్యి లేస్తే ముందు ఏం చేస్తావు?”

“జడేసుకుంటా.”

“ఇటుపక్కకొచ్చి చెప్పక్కా, ఎడమ చెవి నాకు చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది. నిజం చెప్పు.”

ధనలక్ష్మి తల దించుకుంది. “ఆ టైటస్‌ను కొడతా. ఒక్కటే. ఆ నలభై మంది ముందర.”

ఇంకెవరైనా అయితే తప్పమ్మా, ఓర్చుకోమ్మా అని ఉండేవాళ్లు. అబిగయీలు లేచి, పెన్ను మూత తీసి, గోడ మీద గీత గీసింది. సరిగ్గా ఆయన చెంప ఎత్తునే పడింది. చదువుకున్నవాళ్లకు కొలతలు బాగా తెలుస్తాయనుకుంది ధనలక్ష్మి.

ఇప్పుడా గీత రెండు వేళ్ల దూరంలో ఉంటే ఆమెకు గుండె జారింది.

“డాక్టరమ్మా, పెద్దాయన. పెళ్లాం కూడా లేదు, ఒంటరోడు. పోనీలే అనిపిస్తా ఉంది.”

అంతే, చెయ్యి జర్రున జారి పక్కన వేలాడింది.

“చూసినావా?” అబిగయీలు గొంతు గట్టిపడింది. “నువ్వు పోనీలే అంటే చెయ్యి కూడా పోనీలే అంటాది. ఊపిరి బాగా పీల్చు. ఆ షెడ్డు తలుచుకో. ఆయనన్న మాట తలుచుకో. ఇప్పుడు ఎత్తు.”

ధనలక్ష్మి కళ్లు మూసుకుంది. కడుపులో మంట లేచింది. మంటతో పాటు చెయ్యీ లేచింది. కళ్లు తెరిచేసరికి వేళ్లు గీత దాటి ఉన్నాయి. ఆమె గోడకు నుదురు ఆనించి భోరున ఏడ్చింది.

“సోమవారం పోదాం,” అంది అబిగయీలు. “నేనూ వస్తా. మధ్యలో చెయ్యి ఆగితే పక్కన ఉండాల గదా. ఎడమ చెంప మీద కొట్టక్కా.”

సోమవారం పొద్దున షెడ్డులో ఆడవాళ్లు రొయ్యలు వలుస్తున్నారు. టైటస్ ఎదురొచ్చాడు.

“ఏందే, దొంగచెయ్యి బాగయిందా?”

“అయింది సార్. చూడండి.”

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అంటే అదీ! చప్పుడుకు షెడ్డంతా పని ఆపేసింది. కొట్టిన చెయ్యిని ధనలక్ష్మి దించలేదు, దించాలనిపించలేదు. మూడు నెలలుగా భుజంలో ఉన్న బండ ఎటుపోయిందో తెలియలేదు. ఆమెకు ఒళ్లంతా హాయిగా ఉంది.

టైటస్ చెంప పట్టుకుని తిట్టడానికి నోరు తెరిచాడు. అంతలో ఆమె వెనక నిలబడ్డ మనిషిని చూసి, తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అబిగయీలు నెమ్మదిగా ముందుకు వచ్చింది.

“బాగా తగిలిందా, నాన్నా?”