డెల్ఫియా అత్త ఎలుగుబంటి

మా కెంటకీ కొండల్లో ఊరి రేడియోవాళ్లం ఏటా అబద్ధాల పోటీ పెడతాం. గెలిస్తే బంగారు రంగు పార ఇస్తాం. డెల్ఫియా అత్త ఎప్పుడు పేరిచ్చినా, "నువ్వు వంట చూసుకో అత్తా" అనేవాడు జడ్జి లాంజో.

ఈసారి పోటీ ముగుస్తుండగా అత్త ఏప్రన్‌తోనే వేదిక మీదికి ఉరికింది.

"చర్చి హాల్లో ఎలుగుబంటి దూరిందిరా! బీన్సు, మొక్కజొన్న రొట్టె, ఆపిల్ కేకు, అన్నీ మింగేస్తోంది. నవ్వుతారేంట్రా, మీ దుంపతెగ, లేవండి!"

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆవిడ ఏడుస్తుంటే చప్పట్లు కొట్టారు. లాంజో పార ఇచ్చేశాడు.

తీరా భోజనానికి వెళ్తే హాలు తలుపు బార్లా తీసి ఉంది. బల్లల మీద రొట్టె ముక్క కూడా లేదు.

"నిజం చెప్పావు కదత్తా! ఆ పార ఇటిచ్చెయ్" అన్నాడు లాంజో మొహం మాడ్చుకుని.

"నిజం చెప్పినా తప్పేనట్రా?" అంటూ అత్త పార అతని చేతిలో పడేసి, కొడుకులు స్టార్ట్ చేసి ఉంచిన బండెక్కి వెళ్లిపోయింది.

ఆ తీర్పు రేడియోలో చెప్పేముందు మంచినీళ్ల కోసం నేను వెనక వంటింట్లోకి వెళ్లాను.

ఎలుగుబంటి గిన్నెలన్నీ కడిగి, తుడిచి, బోర్లించి వెళ్లింది.