కడగొట్టు బిడ్డ

"ఎర్ర గుండీలన్నీ ఇటు పక్కన పెట్టు గట్టయ్యా" అన్నాడు డాక్టర్ రాజేశ్వర్ రావు.

గట్టయ్య నాలుక కొంచెం బయటపెట్టి, పొట్టి వేళ్లతో ఒక్కో గుండీ ఏరి పెట్టాడు. నల్లది చేతికొస్తే వెనక్కి నెట్టేసి డాక్టరు ముఖంలోకి చూసి నవ్వాడు. వాడికి ఎనిమిదేళ్లు. చూసేవాళ్లకు ఐదేళ్ల పిల్లవాడిలా ఉంటాడు.

"బాగా చేశాడు మొగిలమ్మా. ఇట్లాంటి పిల్లలందరూ ఒక్క తీరుగా ఉండరు. పుట్టుకతో వచ్చిన తేడా ఒకటే అయినా, బుద్ధి మాత్రం ఎవరిది వాళ్లదే. కొందరికి మాటే రాదు. వీడు రంగులు గుర్తుపడుతున్నాడు, పాట అందుకుంటున్నాడు. నేర్పితే ఇంకా నేర్చుకుంటాడు."

మొగిలమ్మ చెంగుతో వాడి మూతి తుడిచింది. "ఎందుకిట్ల పుట్టిండు సారూ? గ్రహణం పట్టిందని ఒగలంటరు. నా పాపమని ఒగలంటరు."

"పాపమూ కాదు, గ్రహణమూ కాదు. తల్లి నుంచి కొన్ని, తండ్రి నుంచి కొన్ని సన్నటి పోగులు బిడ్డకు వస్తాయి. క్రోమోజోములంటారు. వీడికి ఒకటి ఎక్కువ వచ్చింది. వీడు పుట్టినప్పుడు నీ వయసెంత?"

"నలుబై దాటినయ్."

"అదే కారణమై ఉంటుంది. పెద్ద వయసులో బిడ్డను కంటే ఇట్లా అయ్యే అవకాశం ఎక్కువ."

మొగిలమ్మ కింద పడ్డ గుండీ ఒకటి ఏరి గట్టయ్య చేతిలో పెట్టింది. "సిన్న వయసు తల్లికి పుడ్తె?"

"అప్పుడైతే రక్తంలోనే ఉందేమోనని తల్లికి పరీక్ష చేయిస్తాం. కొన్ని ఇళ్లలో ఆ పోగు ఇంకోదానికి అతుక్కుని తరతరానికీ వస్తుంది. మోసేవాళ్లకు ఏమీ కాదు, పుట్టేవాళ్లకే కష్టం. నీకెందుకు ఆ ఫికర్?"

"నా బిడ్డ సుగుణకు అయిదో నెల సారూ. దాని రక్తం జర చూడుండ్రి."

"అక్కర్లేదమ్మా. కారణం నీ వయసైనప్పుడు ఆమెకేం భయం? నిశ్చింతగా వెళ్లు."

మొగిలమ్మ లేవలేదు. చెంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చివరికి అంది: "మా అమ్మకు గూడ గిట్లాంటి పిల్లగాడే పుట్టిండు సారూ. యాడాది తిరగకముందే పోయిండు."

డాక్టరు ముఖం మారిపోయింది. "ఈ మాట ముందే చెప్పొద్దా? రేపే తీసుకురా. రక్తం హైదరాబాదు పంపిద్దాం."

సుగుణ అత్తవారిల్లు ఆ దవాఖాన ఉన్న వరంగల్లోనే. అల్లుడు సారంగపాణి ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు తూకం వేస్తాడు. పెళ్లైన మూడేళ్లకు ఇప్పుడు ఆ ఇంట్లో కడుపు పండింది. కడుపుతో ఉన్న మనిషి అట్లాంటి పిల్లవాణ్ని చూడకూడదని అత్త బక్కమ్మ కట్టడి చేసింది. ఆ కట్టడి లేనప్పుడు కూడా సుగుణ వాణ్ని దగ్గరికి తీసింది తక్కువే.

మొగిలమ్మ గట్టయ్య చెయ్యి పట్టుకుని గడప బయటే నిలబడి తన అమ్మ సంగతీ, పరీక్ష సంగతీ చెప్పింది.

బక్కమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "మీ అమ్మకు గూడ పుట్టిండా? మరి పిల్లనిచ్చేటప్పుడు ఎందుకు చెప్పలె వదినా? వయసు మీద కన్న, గందుకే గట్లయిండంటివి. నమ్మి చేసుకుంటిమి."

"తప్పయింది వదినా. పరీక్ష ఒక్కటి చేయించుండ్రి. ఎన్క నన్ను ఎన్నన్న తిట్టుండ్రి."

"తిట్టుడు గాదు. ఇంక నా గడప తొక్కకు."

తలుపు పట్టుకుని నిలబడ్డ సుగుణ తల్లి వైపు చూసి ఏదో అనబోయింది. మొగిలమ్మ వద్దన్నట్టు తల ఊపింది. సారంగపాణి మాత్రం, "డాక్టరు చెప్పినంక చూపియ్యాలె గద అమ్మా" అన్నాడు.

నెల దాటాక ఫలితం వచ్చింది. డాక్టరు సుగుణను ఎదురుగా కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. "నీకు ఏ జబ్బూ లేదమ్మా. కానీ ఆ అతుకు నీ రక్తంలో ఉంది. పుట్టే బిడ్డ మామూలుగా ఉండొచ్చు, మీ తమ్ముడిలాగా ఉండొచ్చు. కాన్పు ఈ దవాఖానలోనే కావాలి. ఇట్లాంటి పిల్లల్లో చాలామందికి గుండె జబ్బులుంటాయి, పుట్టిన రోజే చూడాలి. మీ అమ్మ చెప్పబట్టి ముందే తెలిసింది."

 మరునాడు సారంగపాణి సుగుణను స్టేషనుకు తీసుకొచ్చి, గట్టయ్యతో ఊరికి బయల్దేరిన మొగిలమ్మ పక్కన బట్టల సంచి పెట్టాడు. "కాన్పు కానియ్యి అత్తా. పిల్ల మంచిగుంటె వచ్చి తీస్కపోత" అన్నాడు. బాగుండకపోతే ఏమిటో చెప్పకుండానే సైకిలెక్కాడు.

వాళ్ల ఊరు నెక్కొండకు పోయే బండికి ఇంకా సమయముంది. సుగుణ బెంచీ మీద ముఖం దాచుకుని ఏడుస్తోంది. గట్టయ్య జరిగి జరిగి ఆమె పక్కకు చేరాడు. పొట్టి వేళ్లతో ఆమె చెంపలు తుడిచాడు.

"అక్కా, ఏడ్వకు."

సుగుణ వాణ్ని ఒక్కసారిగా ఒళ్లోకి లాక్కుంది. వాడి తల మీద గడ్డం ఆనించి తల్లిని అడిగింది.

"అమ్మమ్మకు గట్ల ఎవలు పుట్టలే గదనే అమ్మా?"

"పుట్టలే."

"మరి సచ్చిపోయిన మనిషి మీద గంత మాట ఎందుకేసినవ్? నా కాపురం గిట్లాయె. నీకు గడప లేకపాయె."

"ఇంకేం జెప్పి నీ రక్తం చూపియ్యాలె బిడ్డా?" మొగిలమ్మ బట్టల సంచి ఒళ్లోకి తీసుకుంది. "ఎరుక లేక కడుపులున్న పసిగుడ్డు నీ కండ్ల ముందట పోతె ఎట్ల?"

బండి వచ్చింది. సుగుణ గట్టయ్యను చంకన వేసుకుని లేచింది.

"ఒట్టి మనిషివి గాదు, బరువెత్తొద్దు. ఇటియ్యి" అంది మొగిలమ్మ చేతులు చాపి.

సుగుణ ఇవ్వలేదు.

గట్టయ్యను కన్నది సుగుణే.