సంతకం సరిపోలేదు

"అబ్బయ్యా, మా ఆయనకు మళ్లీ మాట పోయింది. కాస్త బాగుచేసి ఇయ్యి."

కిషోర్ బాబు తలెత్తాడు. ప్రమీలమ్మ కౌంటర్ మీద పెట్టింది చేతిలో పట్టే పాత గేమ్ మెషిన్.

"ఇది ఆటలాడుకునేది కదా పెద్దమ్మా?"

"మాకు ఆటలెక్కడివి నాయనా? ఆయన మాట్లాడేది దీంతోనే."

ఆమెది జువ్వలదిన్నె. భర్త హజరత్తయ్య ముప్పై ఏళ్లు సముద్రం మీద వేటకు వెళ్లిన మనిషి. రెండేళ్ల కిందట పక్షవాతంతో కుడి చెయ్యి, నోరు పడిపోయాయి. నెల్లూరులో కసరత్తులు చేయించే కరుణాకుమారి మేడం ఈ మెషిన్ తెప్పించి ఇచ్చింది. ఎడమ చేత్తో బొమ్మను ఎంచుకుని బటన్ నొక్కితే అది మాట పలుకుతుంది.

నీళ్లు. దుప్పటి. ఇక్కడ నొప్పి.

"మూడు రోజులాయె మూగపోయి. కడుపు పట్టుకుంటాడు, కాలు పట్టుకుంటాడు. ఏమని అర్థం చేసుకునేది?"

కావలి స్టేషన్ రోడ్డులో కిషోర్‌ది గేమ్ మెషిన్ల షాపు. కంపెనీ వేసిన తాళాలు తీసి, బయటి ఆటలు ఎక్కించడంలో చెయ్యి తిరిగినవాడు. చెడిపోయిన మెమరీ కార్డులోని ఫైళ్లను కొత్త కార్డులోకి తీసి, మెషిన్ ఆన్ చేశాడు.

తెర మీద ఒకే వాక్యం వచ్చింది. 'సంతకం సరిపోలేదు.'

దొంగ సంతకం పెట్టే సాఫ్ట్‌వేర్లు అతని దగ్గర నాలుగున్నాయి. నాలుగూ నడిపాడు. నాలుగుసార్లూ అదే వాక్యం.

"ఏంది, నీక్కూడా లొంగలేదా?" అంది పక్కనే రీచార్జీలు చేస్తున్న అతని భార్య ఫేబీ.

"ఎవరో సొంతంగా రాసుకున్న ప్రోగ్రాం ఇది. ఇంట్లో పిల్లోళ్లు ఆటలెక్కించి చెడగొట్టకుండా, తన సంతకం ఉన్న ఫైలే నడిచేట్టు తాళం వేసినాడు. కార్డు చెడి ఫైలు కాస్త మారిపోయింది. దాన్ని సరిచేసి మళ్లీ ఆయనే సంతకం పెట్టాల. ఆ సంతకానికి కీ, అంటే రహస్య కోడ్, ఆయన దగ్గరే ఉంటది."

ప్రమీలమ్మ అక్కడికక్కడే మేడంకు ఫోన్ చేసింది.

"రాసినాయన్నే పంపిస్తానంటా ఉంది నాయనా. పరంజ్యోతి గారంట. మంగళవారం వస్తాడంట."

మంగళవారం కిషోర్ పొద్దున్నే బల్ల తుడిచి, మెషిన్‌ను ముందు పెట్టుకున్నాడు.

"ఇంత గట్టి తాళం వేసిన మనిషి! రెండు కిటుకులైనా నేర్చుకోవాల."

పదకొండు గంటలకు షాపు నిండా జనం. కిషోర్ ఫోన్‌లో ఎవరితోనో స్పేర్ పార్టు గురించి గొడవపడుతున్నాడు.

మెడకు తువ్వాలు చుట్టుకున్న ఒక సన్నపాటి మనిషి, మాటా పలుకూ లేకుండా కౌంటర్ మీద ఒక కాగితం పెట్టాడు.

స్టేషన్ పక్కనే కావడంతో అలాంటి కాగితాలు రోజూ వస్తాయి. మూగవాణ్ని, సాయం చేయండి అని. కిషోర్ చదవకుండానే దాని మీద పది రూపాయల నోటు ఉంచాడు.

ఆ మనిషి తల అడ్డంగా ఊపాడు. బల్ల మీదున్న మెషిన్ వైపు చెయ్యి చాపాడు.

కిషోర్ మెషిన్‌ను గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ముట్టుకోబాక! అది పేషంటుది. పో అన్నా, గిరాకీ టైము."

ఆ మనిషి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏం రాసినాడో చూడరాదా?" అంది ఫేబీ.

"రోజూ చూసేదేలే."

ఆ మనిషి నోటును అక్కడే వదిలి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

షాపు కట్టేసేదాకా పరంజ్యోతి గారు రాలేదు.

"వచ్చినాడా నాయనా?" ప్రమీలమ్మ ఫోన్.

"రాలేదు పెద్దమ్మా."

బుధవారం అదే ప్రశ్న, అదే జవాబు. గురువారం ఆమె గొంతు వెనక నుంచి, మంచాన్ని అరచేత్తో బాదుతున్న చప్పుడు వినిపించింది.

"ఆయనే నాయనా. ఏందో చెప్పాలంటాడు. నాకు తెలవడంలా."

శనివారం కిషోర్ ఆగలేక మేడంకే ఫోన్ చేశాడు.

"మీ పరంజ్యోతి గారు రానేలేదు మేడం."

"రాకపోవడమేంది బాబూ? మంగళవారం రైలెక్కి వచ్చినారే. షాపులో రద్దీగా ఉంది, సోమవారం మళ్లీ పోతానని మెసేజ్ పెట్టినారు."



"ఆయన ఎట్టా ఉంటారు మేడం?"

"సన్నపాటి మనిషి. గొంతు క్యాన్సర్‌కు ఆపరేషనయి మాట పోయింది. ఏదైనా కాగితం మీద రాసివ్వడమే."

కిషోర్ షాపు తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"అడ్రసు చెప్పండి మేడం. ఇప్పుడే వస్తా. నేనే ఆయన దగ్గరికి వస్తా."



"నిన్న పొద్దున పోయినారు బాబూ. జబ్బు మళ్లీ తిరగబెట్టింది."

కిషోర్‌కు అడగడానికి సిగ్గేసింది. అయినా అడిగాడు.

"ఆ కీ..."

"ల్యాప్‌టాప్‌లో ఉంటది. పాస్‌వర్డు వాళ్ల చెల్లెలికి కూడా తెలియదంట."

"హజరత్తయ్యకు ఇంకో ప్రోగ్రాం ఏదన్నా వెతుకుతాను మేడం. ఎన్ని రోజులైనా సరే."

"వెతుకు బాబూ. కానీ ఆ పాత ఫైలు మాత్రం పారేయబాక."

"తెరుచుకోనిది ఎందుకు మేడం?"

"ఒక్క మాటన్నా వినిపించమని ఆ చెల్లెలు ఏడస్తా ఉంది. ఆపరేషనుకు ముందు వారం రోజులు కూర్చుని, మెషిన్ పలికే ఆ మాటలన్నీ ఆయన సొంత గొంతుతోనే చెప్పి దాంట్లో పెట్టినారు."